దావూద్ మెచ్చిన రివాల్వర్

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా రివాల్వర్లకు తోలు ఒరలు కుడుతున్న దావూద్‌కు అంగట్లో వాదనలంటే మహా ఇష్టం. ఎన్నికలని స్టేషన్లో అప్పజెప్పిన రివాల్వర్లను ఆ పొద్దే తిరిగి తెచ్చుకున్న ఇద్దరు అక్కడ కూర్చుని వాదించుకుంటున్నారు.

"సుత్తి ఎత్తే పని లేదు, ట్రిగ్గర్ నొక్కితే సాలు. వెబ్లీని మించింది యాడుంది?" అన్నాడు వేముల ఓబుళరెడ్డి.

"స్మిత్ అండ్ వెసన్ ముందర అదేంది?" అన్నాడు జమ్మలమడుగు వెంకటశివుడు. "నువ్వే సెప్పు, దావూద్ మామా."

దావూద్ ఓబుళరెడ్డి ఒరను అందుకుని, పదేళ్ల కిందట దాని మూతకు తాను కుట్టిన గుండీ బెజ్జాన్ని వేలితో తడిమాడు. ఇంకా బిగువుగానే ఉంది.

"రెడ్డిదే మంచిది. పోలీసోళ్లకు ఇచ్చేదానికి తప్ప బయటికే తీయలే."

వెంకటశివుడు ఉడుక్కుని తన ఒర ముందుకు తోశాడు.

"నాది ఇంగా బిగువు, సూడు మామా!"