తాతయ్య గౌనులో జడ్జిగారు

అమెరికాలో, అరోరా ఊళ్లో ఏడో క్లాసు చదివే ఆ రోజుల్లో, నా అంత దురదృష్టవంతురాలు ఇల్లినాయ్ మొత్తంలో లేదని నా గట్టి నమ్మకం. మా స్కూల్లో ఏటా మైనపు బొమ్మల మ్యూజియం పెట్టేవాళ్లు. పిల్లలం చరిత్రలో ఎవరో ఒకరి వేషం కట్టి బొమ్మల్లా బిగుసుకుని నిలబడాలి. కాళ్ల ముందు అతికించిన ఎర్ర కాగితం బటన్ మీద ఎవరైనా కాలు వేస్తే, ప్రాణం వచ్చినట్టు కదిలి ఆ మనిషి జీవితచరిత్ర అప్పజెప్పాలి. చీటీలు తీస్తే నా ఫ్రెండుకి వ్యోమగామి వచ్చింది. నాకేమో పంతొమ్మిదో శతాబ్దపు ఫెడరల్ జడ్జి ఒకాయన వచ్చాడు. (ఆయన పేరు మా టీచరు కూడా కూడబలుక్కునే చదివింది.)

ఇంటికొచ్చి ఏడుస్తుంటే, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరుంటున్న తాతయ్య మాత్రం స్కూలువాళ్లిచ్చిన ఆ జడ్జి జీవితచరిత్ర చదివి తెగ సంబరపడ్డాడు. ఆయన రిటైరైన ప్లీడరు. "గుర్రమెక్కి ఊరూరా తిరిగి తీర్పులు చెప్పాడా! ఈ ఫెడరల్ జడ్జీలకి రిటైర్మెంటే లేదా తల్లీ? చచ్చేదాకా జడ్జీయేనా!" అని ముక్కున వేలేసుకుని, పెట్టె అడుగు నుంచి తన నల్ల గౌను తీసి నాకు తొడిగాడు. "గౌనెందుకు నాన్నా అమెరికాకి?" అని అమ్మ అడిగితే, "ఉండనీవే" అన్నాడు. అది నేలంతా ఊడ్చింది.

తీరా ఆ రోజు వ్యోమగామి దగ్గర తిరునాళ్లంత జనం. నా బటన్ వైపు ఒక్కరైనా రాలేదు. బట్టీ పట్టినదంతా గొంతులోనే ఉండిపోయింది. బొమ్మ ఏడవకూడదు కాబట్టి ఊరుకున్నాను గానీ, లోపల కుమిలిపోయాను. అంతలో తాతయ్య వచ్చాడు. బటన్ సంగతే పట్టించుకోకుండా నా ముందు నడుము దాకా వంగి, "మే ఇట్ ప్లీజ్ యువర్ హానర్!" అన్నాడు, హాలంతా మోగేలా. జనం ఇటు తిరిగారు. "మా క్లయింటుకి ఒంట్లో బాగాలేదు. వాయిదా ఇప్పించాలి" అని ఇంగ్లీషులో అడిగాడు. (ఏళ్ల తరబడి నోట్లో నానిన మాట కదా, తన్నుకొచ్చింది.)

నాకెక్కణ్నుంచి వచ్చిందో ఆ పౌరుషం! "కుదరదు! నేను బురదలో గుర్రమెక్కి ఇంత దూరం వచ్చాను. మీ క్లయింటు రాలేడా?" అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత నా బటన్ చిరిగిపోయేదాకా తొక్కారు. తాతయ్య కళ్లు తుడుచుకుంటూ, "వాయిదా కొట్టేసినా నాకు ముద్దొచ్చిన జడ్జివి నువ్వొక్కత్తివేనే" అన్నాడు.

లాయరునై మొదటిసారి ఫెడరల్ కోర్టులో నిలబడ్డప్పుడు, అలవాటున్నదానిలా నడుము దాకా వంగాను. ఇక్కడ ఎవరూ వంగరని వంగాక గుర్తొచ్చింది. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరు నేర్పారమ్మా ఇది?" అన్నట్టు అడిగారు. "మా తాతయ్య, యువర్ హానర్" అన్నాను, కోర్టంతా వినేలా. ఆ రోజు కేసు మాత్రం వాయిదా పడింది. తాతయ్య ఉండి ఉంటే ఎంత నవ్వేవాడో!