కొలువకుండ ఇచ్చిన మాట

ఆ మీటింగ్‌ల నోరు జారింది నేనే. "పాత కోడ్ తీసేసి కొత్త తీరుగ రాస్తే వేగం గూడ పెరుగుతది అన్నా" అన్న. మా టీం లీడ్‌ది జనగామ, ఇచ్చిన మాట తప్పని మనిషి. ఆ సాయంత్రమే వేగం పెరుగుతదని క్లయింట్‌కు చెప్పేసిండు.

అప్పుడు నేను మహబూబాబాద్‌ల స్టేషన్ దగ్గర అద్దె గదిల ఉండి పనిచేస్తున్న. కొత్తగూడ దిక్కు మా తండాల నెట్ నిలువదు. మాది దవాఖాన మిషన్లు పంపే రిపోర్టులు చదివి, ఏది ఏ పరీక్షదో వేరుచేసే ప్రోగ్రాం. ఒక్కో మిషన్ ఒక్కో తీరుగ పంపుతది. పాత కోడ్‌ల 'ఇట్లుంటే అట్ల చెయ్యి' అనే 'ఇఫ్' మీద 'ఇఫ్' పేర్చిన్రు, చదువబోతే కండ్లు తిరిగేటివి. నేను పైథాన్ భాషల మ్యాచ్-కేస్ అనే పద్ధతి పెట్టి రాసిన. రిపోర్టు ఆకారం ఏ అచ్చుకు సరిపోతే ఆ దారిన పోతది. ఫైలు సగానికి తగ్గింది.

తీరా కొలిస్తే, పాతదానికన్న నెమ్మది!

మళ్ల మళ్ల నడిపి చూసిన. మ్యాచ్-కేస్ పైనుంచి ఒక్కో అచ్చు వరుసగ సరిచూసుకుంట వస్తది. అన్నిటికన్న ఎక్కువొచ్చే రక్తపరీక్షను నేను అడుగున పెట్టిన. దాన్ని పైకి తెచ్చిన. పాతదాని దగ్గరికొచ్చింది గని దాటలె. ఆకారం చూసుడుకు గూడ టైం పడ్తది. గీ సంగతి ముందే చూసుకోవాల్సింది.

వైద్యానికొచ్చిన మా అమ్మ నా దగ్గరే ఉన్నది. మా లంబాడీ భాషల అడిగింది, "పొద్దటి నుంచి నువ్వేం తినలె. ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?"

"ఎవరూ అనలె. నేనే తెల్వక అబద్ధం చెప్పిన."

"అయితే అబద్ధమని చెప్పు."

"నౌకరి పోతే?"

అమ్మ కంచంల అన్నం పెట్టి నా ముందుకు జరిపింది.

తిని, లీడ్‌కు ఫోన్ చేసిన. "అన్నా, వేగం పెరగలె. పాతదే పెడదాం."

"ఎట్ల పెడ్తం? పెరుగుతదని క్లయింట్‌కు చెప్పినం గద. కొత్తదే ఉండాలె, నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

"కొలతలు మెయిల్ పెడ్తున్న."

"నాకు పెట్టు. క్లయింట్‌కు కాపీ పెట్టకు" అన్నడు.

పెట్టిన. జవాబు రాలె. నౌకరి పోలె గని, అప్పటి నుంచి నాకు వేరే పని ఇయ్యలె. రోజూ ఆ ఒక్క ఫైలుకు వేగం పెంచ చూసుడే.

మొన్న టీంల కొత్తగ చేరిన అక్క ఆ ఫైలు చదివి, వీడియో కాల్‌ల "ఎంత సాఫ్‌గ రాసినవ్!" అన్నది. థాంక్స్ అక్కా అని, కెమెరా బంద్ చేసిన.