తిరగేసి పెట్టిన ప్లగ్గు

అది 2019 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నాది వాషింగ్ మెషీన్లు బాగుచేసే అంగడి. జమ్మలమడుగు నుంచి జయరాజు సార్ ఫోన్ చేశాడంటే ఆ పూట నా పని గోవిందా. క్రైస్తవ మిషన్ బడిలో పనిచేసి రిటైరైన ఆయనకు పాత మెషీన్లంటే పిచ్చి. అలాంటి పిచ్చివాళ్లతో ఫోన్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. పొద్దస్తమానం వాళ్ల వాదనంతా అజిటేటర్ గురించే. టబ్బు నడుమ నిలబడి బట్టల్ని అటూ ఇటూ తిప్పే రెక్కల స్తంభమే అజిటేటర్. ఇప్పటి మెషీన్లలో దాని బదులు అడుగున పళ్లెం లాంటి పల్సేటర్ తిరుగుతుంది. "అది ఉతకడమా? గిన్నెలో గరిటె తిప్పడం" అని సార్ ఎగతాళి చేసేవాడు.

ఆ సారి ఆయనకు అమెరికా మెషీను ఒకటి దొరికింది. ఎప్పుడో మిషన్ నడిపిన అమెరికా దొరలు వదిలిపోయిన బంగళా సామాన్లలోదట. దాని అజిటేటర్ రెండంతస్తులది. కింది రెక్కలు అటూ ఇటూ ఊగుతాయి, పైన స్క్రూ లాంటి మరచుట్టు ఒకే వైపు తిరుగుతూ బట్టల్ని లోపలికి తోస్తుంది. ఆ పై భాగం తిరగడం లేదు. దాన్ని ఒకే వైపు తిప్పే చిన్న పళ్లను డాగ్స్ అంటారు. అవి అరిగిపోయాయి. నైలాన్ ముక్కల్ని ఆకురాయితో రాసి కొత్తవి చేసి బిగించాను.

అమెరికా మెషీనుకు మన కరెంటు ఎక్కువ కాబట్టి నడుమ దాన్ని సగానికి తగ్గించే ఒకే చుట్ట ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. గోడకు పెట్టే దాని ప్లగ్గుకు రెండే పిన్నులు, ఎర్త్ లేదు. మెషీను ఇనుప బాడీకి టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు, అంటే కరెంటు రావడం లేదు.

"ఎర్త్ లేకుండా వాడొద్దు సార్" అన్నాను.

"ముందు వీడియో తియ్యనీ అప్పా. గ్రూపులో శానా మంది ఎదురుచూస్తాండారు."

వెలుతురు చాలదని సార్ మెషీనును గుమ్మం దగ్గరికి జరిపించి, ప్లగ్గు పీకి అక్కడి సాకెట్‌లో పెట్టాడు. మూత తెరిచి బట్టలు వేసి, ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి స్విచ్చు వేశాడు. మరచుట్టు తిరిగింది. సార్ ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. "చూడప్పా, ఎట్ల మింగుతాందో!"

చూద్దామని వంగి మోచేయి బాడీకి ఆనించాను. చర్మం మీద చీమలు పాకినట్టయింది. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి అంతటితో పోయింది. బాడీకి కరెంటు వస్తోంది.

అప్పుడే ఆయన భార్య సుగుణమ్మ తడి గచ్చు మీద ఉత్త కాళ్లతో, చేతిలో తడి దుప్పటితో వచ్చింది.

"అమ్మా, ముట్టుకోవాకు!" అని అరిచాను.

మెషీను చప్పుడులో ఆమెకు సరిగా వినపడలేదు. "ఏందప్పా?" అంటూ టబ్బు అంచు మీదికి చేయి చాచింది. నేను వైరు పట్టి ప్లగ్గును గోడ నుంచి పీకేశాను. చూసేసరికి ఆమె చేయి అంచు మీదే ఉంది. ఆమె నన్ను వింతగా చూస్తోంది. 

ఇద్దర్నీ దూరంగా నిలబెట్టి, ప్లగ్గు మళ్లీ పెట్టి చూశాను. టెస్టర్ ఎర్రగా వెలిగింది. పిన్నులు తిరగేసి పెడితే ఆరిపోయింది. లోపల పాత వైరు ఒకటి చీలి బాడీకి తగులుతోంది. ప్లగ్గు ఒక రకంగా పెడితే ఆ వైరు న్యూట్రల్‌కు, అంటే షాకు కొట్టని వైపుకు, కలుస్తుంది; భయం లేదు. తిరగేస్తే కరెంటు నేరుగా బాడీలోకి వస్తుంది. గుమ్మం దగ్గర సార్ పెట్టింది అట్లా తిరగేసే.

"పోయిన వారమంతా నేనే కదా ఉతికినా. ఏం కాలేదే?" అంది సుగుణమ్మ.

"పిన్నులు అప్పుడు ఇట్ల ఉండాయి, ఇప్పుడు అట్ల ఉండాయి. అంతే అమ్మా."

సార్ గోడకు ఆనుకున్నాడు. "ఒక వీడియో కోసం నా చేతులతో నేనే చంపుకునేటోణ్ణి" అన్నాడు.

వైరు మార్చాను. ఎర్త్ గుంత తవ్వించి మూడు పిన్నుల ప్లగ్గు, కరెంటు కారితే తనంతట తానే ఆగిపోయే ట్రిప్ స్విచ్చు పెట్టాను. ఆ తర్వాత ఒకరోజు సార్ అంగడికి వచ్చి ఆ వీడియో చూపించాడు. గ్రూపులో పెట్టలేదట. అజిటేటర్ ఎంత బాగా తిరుగుతోందో మేమిద్దరం చూడనే లేదు. వీడియోలో అది టక్కున ఆగింది. ఆ వెంటనే సుగుణమ్మ చేయి అంచు మీద పడింది. సార్ వీడియోను వెనక్కి జరిపి మళ్లీ చూశాడు.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా రెండు పిన్నుల ప్లగ్గు కనిపిస్తే రెండు వైపులా పెట్టి టెస్టర్ చూస్తాను. "ఒగసారి చూసినావు కదప్పా, ఇంగా ఏంది?" అని విసుక్కునేవాళ్లు ఉంటారు. విసుక్కుంటే విసుక్కోనీ. ఆ ఇంటి ఇల్లాలు కాళ్లకు చెప్పులేసుకుని వచ్చేదాకా నేను స్విచ్చు మీద చేయి వేయను.