కందా, మావయ్యగారి నీళ్ళూ

గుడివాడలో మా ఇంటి పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత. దాన్నంతా గచ్చు చేయించేయాలని మా మావయ్యగారి పట్టుదల. మట్టికాళ్ళతో ఇల్లు పాడవుతోందట. ఆ మట్టే నాకు కావాలి. నాగాయలంకలో, తోటకూర కూడా సరిగ్గా రాని ఉప్పునేల పక్కన పెరిగినదాన్ని నేను. నల్లమట్టి కనిపిస్తే ఏదో ఒకటి పాతకుండా ఉండలేను. కంద పండిస్తానన్నాను. ఆయన నవ్వారు. "మూడేళ్ళు గడువిస్తున్నానమ్మాయ్. పండిందా సరే, లేదంటే గచ్చే" అన్నారు.

మొదటి ఏడాది తప్పు నాదే. బజారులో కొన్న కందను కూరకు తరిగినట్టు తరిగి పాతాను. ఒక్క ముక్కా మొలవలేదు. కూరగాయలమ్మే మామ్మ విని నెత్తి కొట్టుకుంది. "మధ్యలో మొలకుంటది కదమ్మా. ప్రతి ముక్కకీ అందులో వాటా రావాల. పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టు" అని చెప్పింది.

రెండో ఏడాది అలాగే చేశాను. గొడుగులు విప్పినట్టు ఆకులు లేచాయి. అప్పుడు మావయ్యగారు రంగంలోకి దిగారు. బంటుమిల్లి దగ్గర జీవితమంతా వరి పండించిన మనిషి. చుట్టూ గట్టు వేసి నీళ్ళు కట్టకపోతే ఆయనకు సేద్యం చేసినట్టే ఉండదు. నేను బడిలో పాఠాలు చెప్పుకునే వేళ చూసి గొట్టం వదిలేసేవారు. పదిహేను రోజుల్లో మొదళ్ళు మెత్తబడి మొక్కలన్నీ ఒరిగిపోయాయి. "నేల మంచిది కాదమ్మాయ్" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడో ఏడాది మట్టి ఎత్తుగా పోసి, నీరు నిలవకుండా కాలవ తీసి, పైన ఎండుగడ్డి కప్పాను. "మావయ్యగారూ, ఈసారి గొట్టం ముట్టుకుంటే ఊరుకోనండీ" అని మొహం మీదే చెప్పేశాను. మా ఆయన పేపరు చాటున దాక్కున్నారు. కోడలు మామగారితో మాట్లాడే తీరు ఇదేనా అని వీధిలో అనుకున్నారట. అనుకోనివ్వండి.

కార్తీకం వెళ్ళాక ఆకులు పండి, కాడలు నేలకు వాలిపోయాయి. వరి పండితే కంకి కనిపిస్తుంది. కంద పండితే పైన ఏమీ మిగలదు. ఆ మాట చెప్పినా మావయ్యగారు నమ్మలేదు. చచ్చిపోయాయని తేల్చేసి మేస్త్రీని పిలిపించారు. ఇసుక కూడా దిగింది.

"ఇంకేముందమ్మా, ఎండిపోయాయిగా. పీకి పారేస్తాను" అన్నాడు మేస్త్రీ.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? పక్కకు జరుగు" అని మడిలో కూలబడ్డాను.

గాటు పడితే కుళ్ళిపోతుందని గునపం పట్టలేదు, చేతులతోనే తవ్వాను. మొదటిది బయటికొచ్చింది. అన్నం వార్చే గిన్నెంత ఉంది. చేతులు దురదతో మండుతున్నా ఆగకుండా రెండోదీ, మూడోదీ తీశాను. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

మావయ్యగారు పంచె పైకి దోపుకుని నా పక్కన గొంతుక్కూర్చున్నారు. పెద్దదాన్ని చేతుల్లోకి తీసుకుని మట్టి తుడిచారు. "ఆ ఇసుక వీధి వాకిలికి వాడెయ్యవయ్యా, ఇక్కడేం వద్దు" అని మేస్త్రీని పంపేశారు. తర్వాత నేను తీసిన కాలవ వైపూ, గొట్టం వైపూ చూశారు.

"అయితే పోయినేడు మొక్కల్ని నేనే చంపానన్నమాట" అన్నారు చివరికి.

ఏ కోడలైనా, అయ్యో అలా అనకండి అంటుంది. నేను అనలేదు.

"అవునండీ, మీరే" అన్నాను.