బావా అన్న బ్రోకర్

ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందనగానే విశాఖలో పనీపాటా లేని ప్రతివాడూ స్థలాల బ్రోకరైపోయాడు. నాకు తగిలినవాడు మొదటి రోజు నుంచే "బావా" అని పిలిచాడు. మండుటెండలో గాజువాక అవతలికి తీసుకెళ్లి, "ఎంత సాపుగా ఉందో సూడు బావా" అన్నాడు. ఆ పిలుపుకే పడిపోయి కొనేశాను. మొదటి వానకే తెలిసింది, అది వాన నీళ్ల గెడ్డ పారే దారని. మోకాళ్ల దాకా అంటిన బురదతోనే వన్ టౌన్‌లో వాడింటికి వెళ్లాను. సిగ్గులేని వెధవ, తలుపు తీసి, "ఎవులు సార్ మీరు?" అన్నాడు.

తర్వాత మా తమ్ముడికి స్థలం కావాలని తెలిసి వచ్చిన ప్రతి బ్రోకర్‌కీ ఒకటే చెప్పాను: "వానలో సూపించు. ముందు నువ్వు దిగు, ఎనక నానొత్తాను."

తొలకరి పడింది. ఊళ్లో బ్రోకర్లందరికీ ఒకేసారి జ్వరం వచ్చింది.