తెరమీద తిన్ననైన కాలు

మా పెద్దమ్మ కాలు తన పెళ్లికి ముందే విరిగిందట. దవాఖానకు కాకుండా ఆకుపసరు కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. మోకాలి కింద ఎముక అతుక్కుంది, వంకరగా. ఆ వంకర వల్లే ఇప్పుడు మోకాలు అరిగిపోతోందనీ, ఎముకను కోసి సరిచేయకపోతే నడక కష్టమనీ నాంపల్లి డాక్టరు చెప్పాడు. పెద్దమ్మ ఒప్పుకుంది. అక్కడితో అయిపోవలసింది.

కానీ ఆబిడ్స్‌లో నేను పనిచేసే చిన్న కంపెనీ, కాలికి ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసిన రెండు ఎక్స్‌రేలతో ఎముకను త్రీడీ బొమ్మగా చూపించే న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ యంత్రం, తయారుచేస్తోంది. ఎక్స్‌రేలు చెప్పని భాగాన్ని, ఒక్కోసారి చెప్పిన భాగాన్ని కూడా, అది తాను నేర్చుకున్న ఎముకలను బట్టి ఊహించుకుంటుంది. నేర్చుకున్నవేమో దాదాపు అన్నీ తిన్నని ఎముకలే.

పెద్దమ్మ డాక్టరు దగ్గర్నుంచి నేరుగా, ఎక్స్‌రేల కవరు చంకన పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, మా సీనియర్‌ను అడిగింది.

"మీ కంప్యూటర్ల నా కాలు గూడ చూపియ్యరాదు, సారూ?"

ఆయనకు అడిగేవాళ్లుంటే చాలు. కాసేపట్లో తెరమీద కాలు గిర్రున తిరిగింది, వంకర లేకుండా నిట్టనిలువుగా. అది వట్టి ఊహేనని అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఈలోగా ఆయన బొమ్మను పెద్దమ్మ ఫోనుకు పంపేశాడు.

ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ పెద్దమ్మ లేచింది.

"డాక్టర్ వంకర అన్నడు. ప్రభువు సక్కగ చేసిండు. ఫొటో గూడ ఉన్నది."

స్తోత్రం, స్తోత్రం అంటూ ఫోను ఆడవాళ్ల వరుసలన్నీ తిరిగొచ్చింది.

ఇక ఆపరేషన్ మాటెత్తితే ఒకటే జవాబు. "సాక్ష్యం చెప్పినంక ఆపరేషన్ చేపిచ్చుకుంటే నలుగురు ఏమంటరు?" ఆ మాట అంటూనే గోడ పట్టుకుని, పక్కవాటుగా మెట్లు దిగేది. ఎక్స్‌రేను కిటికీకి ఆనించి వంకర చూపించాను.

"గా ఎక్స్‌రే పాతది."

"మొన్న తీసిందే పెద్దమ్మా. ఆ బొమ్మ చేసింది దీంతోనే."

"ఔ, మరి కంప్యూటర్ అబద్ధం చెప్తదా? అబద్ధాలు చెప్పేదానికి నీకు జీతమెందుకు ఇస్తున్రు?"

మా యంత్రం వంకరను దాచేస్తోందని ఆఫీసులో చెబితే సీనియర్ అన్నాడు, "ఇలాంటి కాళ్లు అరుదమ్మా, తర్వాత చూద్దాం." నాకు ఏడుపొచ్చింది. ఆ అరుదైన కాలు రోజూ మా ఇంట్లోనే కుంటుతోంది.

చివరికి పెద్దమ్మను మళ్లీ ఆఫీసుకు తీసుకెళ్లాను. రోగుల పేర్లు తీసేసిన వేరే వంకర కాళ్ల ఎక్స్‌రేలు కొన్ని వెతికి, ఆవిడ కళ్లముందే యంత్రానికి ఇచ్చాను. అన్నీ నిట్టనిలువుగా తేలాయి.

పెద్దమ్మ తెరకు దగ్గరగా వంగి ఒక్కో కాలునూ వేలితో లెక్కబెట్టింది.

"అందరికీ ఒకటే కాలు పెడ్తున్నదా ఇది?"

"ఔ."

"మరి ప్రభువు?"

"ఆయనకు దీంతో సంబంధం లేదు పెద్దమ్మా."

కోపం యంత్రం మీద రాలేదు, నా మీద వచ్చింది. "గిప్పుడు సంఘంల మొహమెట్ల చూపియ్యాలె? నువ్వే లేచి చెప్పు, తప్పు మీ కంప్యూటర్‌దని. గప్పుడే దవాఖానకు పోత."

బడిలో హాజరు పలకడానికే వణికినదాన్ని. డైరీలో కొట్టేసి, తిరగరాసి, బట్టీపట్టిన వాక్యంతో ఆదివారం మైకు ముందు నిలబడ్డాను.

"ఆ బొమ్మ మా పెద్దమ్మ కాలిది కాదు. మా యంత్రం ఊహించుకున్నది. ఆవిడకు ఆపరేషన్ కావాలి."

వెనక వరుసలోంచి పెద్దమ్మ గొంతు వినబడింది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా. నేనైతే గట్టిగనే చెప్పిన."