చిన్న రాజావారి శాలువ మీది కిరీటం

పదిహేడేండ్ల సంది ఒక మాట నా లోపల బరువుగ కూసున్నది. దీపం పెట్టినప్పుడల్ల దేవునికి చెప్పుకుందామనుకుంట. వేరే వాటికి మొక్కి లేస్త. ఇయ్యాల మీకు చెప్తున్న. నా పేరు మాత్రం అడగకుండ్రి.

నాకేం తక్కువ లేదు. మంచి పెనిమిటి, చక్కని పిల్లలు, బాపు ఇంటికాడనే దిద్దించిన నాలుగక్షరాలు. ఇన్ని ఇచ్చిన తల్లికి రోజూ దండం పెడుత. ఇంత సల్లగ బతికేదానికి ఈ పాత సంగతి ఎందుకు? సల్లగ బతుకుతున్నందుకేనేమో.

పెండ్లికి ముందు గోదావరి ఒడ్డున ఒక రాజావారి గడిల జరీ కుట్టేదాన్ని. ఆ ఇంట్ల ఒక్కొక్కరిది ఒక్కొక్క ముద్ర. పెద్ద రాజావారికి రెండు ఏనుగులు, నడుమ తామర, పైన కిరీటం. ఆయన తమ్ముడు చిన్న రాజావారికి అవే ఏనుగులు, అదే తామర, కిరీటం మాత్రం ఉండది. జాగీరు సర్కారు తీసుకున్నంక ఈ పట్టింపు ఇంకా పెరిగింది. వాళ్లకు మిగిలింది అదే కదా.

ముద్ర గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచిన కాగితాలుండేవి. గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి అద్దితే బొమ్మ దిగుతది. అద్దుడు లచ్చక్క పని, కుట్టుడు నాది. నాకు పని నేర్పింది ఆమెనే. చిన్న రాజావారి పెండ్లి శాలువకు మాత్రం, లచ్చక్క బువ్వకు పోయినప్పుడు, ఆగలేక నేనే కాగితం పరిచి పొడి అద్దిన. కిరీటమున్న కాగితం. చూసుకోలే. ఆ వారం ఎన్నో అద్దిన లచ్చక్క, ఇదీ తనదే అనుకున్నది.

పందిట్ల శాలువ విప్పంగనే పెద్ద రాణి మొఖం మాడింది. "మా మరిది పెండ్లిపీట ఎక్కుతుండా, గద్దె ఎక్కుతుండా?" అన్నది. చుట్టాలు కిసుక్కుమన్నరు. చిన్న రాజావారు తల దించుకున్నరు.

మమ్మల్ని పిలిపించిన్రు.

"ఎవలు దించిన్రు గీ కిరీటం?"

"బొమ్మ దించేది లచ్చక్క, దొరసానీ. నేను గీత మీద కుడుత," అన్న.

అందుల ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎంత తెలివిగ పేర్చిన! భయంతోని అన్ననని ఎన్నో ఏండ్లు నాకు నేనే చెప్పుకున్న. భయపడ్డ మనిషి మాటలను అట్ల ఏరుకుంటదా?

లచ్చక్కను పనికి రావద్దన్నరు. నేను ఏడ్చిన. మూట కట్టుకుంట ఆమెనే నన్ను ఊకుంచింది. "నువ్వెందుకు ఏడుస్తవే పిచ్చి పోరీ? నా కండ్లే మసకలైనయి కావొచ్చు."

మొన్న బాసర పోతే లచ్చక్క బిడ్డ కనబడ్డది. లచ్చక్క సుల్తానాబాద్‌ల మంచిగున్నదట, మనుమలను ఆడిస్తదట. సూది మాత్రం అప్పటిసంది ముట్టలేదట. "నా కండ్లను నమ్మొద్దు" అంటదట. "గానీ బియ్యంల మాకెవ్వలకూ కానరాని రాళ్లు ఇప్పటికీ ఆమెనే ఏరుతది" అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్విన. గుడి మెట్ల మీద నిలబడి కూడ చెప్పలే.

మాఫీ అడుగుత లేను. అది ఆమె చేతిలది. ఇది ఆమె దాక పోతదో లేదో తెల్వది. రాస్తుంటే మాత్రం పానం తేలికైతుంది. ఒక్కచోటనన్న ఇది ఉండాలె: లచ్చక్క కండ్లు మంచిగనే ఉండె. ఆ కాగితం పరిచింది నేను.